కోట వీధిలో వియ్యంకుడు

మా చెల్లెలి మామగారు బెంగళూరులో ఒక పాత పేటలో ఉంటారు. ఆ పేటలో అందరికీ సంగీతం తెలుసు. తెలియనివాళ్లకు కాఫీ తెలుసు. ఆయన ఇంటికి ఎవరు వెళ్లినా పొద్దున్నే కాఫీ ఇస్తారు, తాగిన పాపానికి వీధులన్నీ తిప్పుతారు. ఈ ప్రహరీకి నూరేళ్లు, ఈ అరుగు మీద ఒక వీణ విద్వాంసుడు సాయంత్రాలు కూర్చునేవాడు, ఈ కిటికీ ఊచలు సముద్రం దాటి వచ్చాయి. ఇలా సాగుతుంది. ఊచలున్న కిటికీలు అక్కడ చాలా ఉన్నాయి.

మా నాయన హిందూపురం, ధర్మవరం మధ్య బస్సు కండక్టరుగా తిరిగి రిటైరైన మనిషి. నిలబడి వినడం ఆయనకు కష్టం కాదు. విన్న తర్వాత ఆశ్చర్యపోవాల్సి రావడమే కష్టం. వెళ్లిన ప్రతిసారీ మర్యాదగా ఆశ్చర్యపోయి, తిరుగు రైలు యలహంక దాటగానే మొదలుపెట్టేవాడు.

"నూరేండ్లంట. గోడకు నూరేండ్లంట! మన పెనుకొండలో అట్లాంటిదాన్ని కొత్త గోడంటారు. కోటగోడ మనం నీళ్లు పోసుకునే బచ్చలింటికి ఆనుకోని ఉండాది. మీయమ్మ దాని మీద టవల్లు ఆరేస్తాంది. నేనెప్పుడన్నా ఎవురికన్నా చెప్పినానా?"

చెప్పలేదన్నదే ఆయన బాధ. ఆయనకు ఇంకేమీ అక్కరలేదు. మా ఊరి ముందు తన పేట చిన్నదని వియ్యంకుడు ఒక్కసారి తన నోటితో అంటే చాలు.

అందుకే వియ్యంకుడు భార్యను, మా చెల్లెలిని వెంటబెట్టుకుని పెనుకొండ వస్తానన్నప్పుడు ఇంట్లో పెళ్లిపనుల్లాంటి వాతావరణం ఏర్పడింది. నేను హిందూపురంలో ఉద్యోగం చేస్తున్నాను. డిగ్రీలో చరిత్ర ఒక సబ్జెక్టు కాబట్టి నాయన నన్ను సలహాదారుగా నియమించాడు. పరీక్ష రాసిన మర్నాడే చరిత్ర నన్ను వదిలేసి వెళ్లిందని చెప్పాను, వినలేదు. ముందురోజు సాయంత్రం రిహార్సల్ కూడా జరిగింది. వియ్యంకుడి పాత్ర నాది. నాకు ఆశ్చర్యపోవడం రావడం లేదని నాయన విసుక్కున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. కోట వీధుల్లో నాయనకు తెలియని రాయి లేదు. కానీ ఏ రాయిని ఏ రాజు పెట్టించాడో ఒక్కటీ తెలియదు. "ఈడ మా మేనత్త కొడుకు లూనా నేర్చుకున్నాడు. గోడకు ఆ పగులు అప్పటిదే." ఆయన చరిత్ర ఇలా ఉండేది. బురుజులను స్టాపుల్లా గుర్తుపెట్టుకున్నాడు. ఒకటి దాటగానే తెలియకుండానే నోట్లోంచి "రైట్" అని వచ్చేసేది.

వియ్యంకుడు దిగినరోజు ఆదివారం, పైగా అమావాస్య. అమ్మ, వియ్యపురాలు, చెల్లెలు పట్టుచీరల కోసం టిఫిను కాగానే ధర్మవరం వెళ్లిపోయారు. ఆ రోజు మా బంధువర్గంలో తెలివైనవాళ్లంతా ధర్మవరంలోనే ఉన్నారు. వెళుతూ అమ్మ, అమావాస్య కదా, గుమ్మానికి కట్టడానికి బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయలు, ఒక టెంకాయ తెచ్చిపెట్టమంది. మరిచిపోతామేమోనని ముందే కొనేశాం. సంచీ నా చేతిలో ఉంది.

వియ్యంకుడు నుదుటిన విభూతి పెట్టుకుని, కాళ్లకు కాన్వాసు బూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని బయల్దేరారు. మొదటి స్టాపు దగ్గర నాయన గొంతు సవరించుకునేలోపే, "గోడ ఎవరి కాలానిది, బావగారూ?" అన్నారు.

"శానా పాతది బావా."

"అంటే?"

"మా తాత పుట్టేసరికే పాతది."

వియ్యంకుడు తలాడించారు. ఆశ్చర్యం మాత్రం కనపడలేదు. నాయన నావైపు చూశాడు. నేను గుమ్మడికాయ వైపు చూశాను.

రెండు వీధుల అవతల ఒక ఇంటి ముందు పెద్ద రాతిపలక ఉంది. ఆ ఇంటి అవ్వ దాని మీద బట్టలుతుకుతుంది. పలక పక్క అంచున చేప చెక్కి ఉంది, పైన గజ్జె కట్టిన పాదం ఒకటి. విరిగిన మిగతా ముక్కతో పాటు ఆ పాదం తాలూకు మనిషి ఏ ఇంటి గోడలో ఉందో ఎవరికీ తెలియదు. వియ్యంకుడు దాన్ని చూసి ఆగిపోయారు. కర్రతో తట్టారు. తర్వాత వేళ్లతో తట్టి, వంగి చెవి ఆనించారు. "నాదం ఉంది," అన్నారు కళ్లు మూసుకుని.

అవ్వ బట్టలు పిండడం ఆపింది.

"ఏమప్పా, నా బండకు చెవి పెట్టినావు? అదేమన్నా ఫోనా?"

వియ్యంకుడు కళ్లు తెరిచి ఎంతో గౌరవంగా అడిగారు. "అమ్మా, దీని కింద ఏముంది?"

రాయి లోపలికి ఇంకా ఎంతుందో తెలుసుకుందామనే ఆయన ఉద్దేశం. కానీ మావైపు పాత రాళ్ల కింద గుప్తనిధులు ఉంటాయని నమ్మనివాళ్లు అరుదు. వాటిని తవ్వడానికి అమావాస్యనాడే వస్తారని, పూజసామాను తెచ్చుకుంటారని కూడా అందరికీ తెలుసు.

అవ్వ చూపు విభూతి మీద నుంచి నా సంచీ మీదికి దిగింది. "కింద ఏముండాదో మీకే తెల్సు," అని, ఇంట్లోకి తిరిగి గట్టిగా కేకేసింది. "ఒరేయ్, రారా బయటికి! వచ్చినారు!"

కొడుకు వచ్చాడు. అతని వెనక వీధి వచ్చింది.

"ఏమన్నా," అన్నాడు కొడుకు నాయనతో, కోపం కన్నా బాధ ఎక్కువగా. "నీ బస్సులో టికెట్ తీసుకోకుండా ఒక్కరోజన్నా ఎక్కినానా? వీధిలో మేమంతా ఉండంగా, ఒక మాట చెప్పకుండా బెంగళూరు సామిని పిల్చుకొస్తావా?"

"సామి కాదబ్బా, మా వియ్యంకుడు. ఊరు సూసేకొచ్చినాడు."

"ఊరా?" అతను వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. "ఈడేముండాదని సూసేకి?"

ఆ మాట నాయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అదీ వియ్యంకుడి ముందర. ఆయన జవాబు వెతుక్కునేలోపు ఎవరో గడ్డపార తెచ్చారు. దొరికినదాంట్లో వీధికంతా భాగం ఉండాలని ఒకరు, బండ మాది కాబట్టి మాకు రెండు భాగాలని అవ్వ వాదించుకున్నారు. జనం మీదపడుతుంటే నాయన అలవాటుకొద్దీ, "తోసుకోవద్దు, వెనక్కి జరగండి, వెనక ఖాళీ ఉండాది," అని సర్దడం మొదలుపెట్టాడు. దాంతో తవ్వకం ఏర్పాట్లు ఆయనే చూస్తున్నాడని తేలిపోయింది.

ఎవరు చెప్పారో, బైకు మీద కానిస్టేబులు వచ్చాడు. సంచీ తెరవమన్నాడు. టెంకాయ బయటికి వచ్చినప్పుడు గుసగుసలు వినపడ్డాయి. నిమ్మకాయలు రాగానే అవి ఆగిపోయాయి. బూడిదగుమ్మడికాయ తీసేసరికి వెనకున్నవాళ్లు మునివేళ్ల మీద లేచారు.

"అమావాస్యకు ఇంటికి కట్టేదానికి సార్. మీరు కట్టల్యా?" అన్నాను.

"కట్టినా. కట్టి, ఊర్లో రాళ్లు తట్టుకుంటా తిరగల్యా."

తర్కంలో లోపం లేదు.

కానిస్టేబులు వియ్యంకుడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పెద్దాయనా. దేనికొచ్చినావు?"

"రాళ్లు చూడడానికి."

"ఉత్త రాళ్లా?"

"ఉత్త రాళ్లే."

"ఉత్త రాళ్లు సూసేకి బెంగళూరు నుంచి రైలెక్కొచ్చినావా? మీ కాడ రాళ్లు ల్యావా?"

నాయన ఒక అడుగు ముందుకు జరిగాడు. ఇన్నేళ్లుగా ఆయన అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నను ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి అడిగాడు.

వియ్యంకుడు గడ్డపారను చూశారు. "ఉన్నాయి. ఇలాంటివి లేవు."

"బావా," అన్నాడు నాయన నెమ్మదిగా, "వెనకున్నోళ్లకు ఇనపడల్యా."

"ఇలాంటివి లేవు!" అన్నారు వియ్యంకుడు గట్టిగా.

"అంత ఏముండాదో చెప్పు మల్ల. మేమూ ఇంటాం," అన్నాడు కానిస్టేబులు.

అడగకూడని మనిషిని అడిగాడు. వియ్యంకుడు చేతికర్ర చంకలో పెట్టుకుని చేప దగ్గర మొదలుపెట్టారు. ఉలి ఏ కోణంలో పడిందో చెప్పారు. గజ్జెలోని మువ్వల వరస చూపించారు. ఆ పాదాన్ని బట్టి ఆమె ఏ తాళానికి ఆడుతుండాలో ఊహించి, రాయి మీద వేళ్లతో వేసి చూపించారు. జనం కాసేపు ఓపిక పట్టారు. నిధి ఊసు ఎంతకీ రాలేదు. ముందు పిల్లలు పోయారు. తర్వాత భాగాలు అడిగినవాళ్లు పోయారు. "నిధి తెల్సినోడు ఇంతసేపు మాట్లాడడులే," అని అవ్వ కొడుకు గడ్డపార భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. కానిస్టేబులు ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బైకెక్కాడు. ఫోన్ మోగిన చప్పుడు మాకు వినపడలేదు.

వియ్యంకుడు మాత్రం ఆపలేదు. చివరికి పలక చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లజోడు తుడుచుకుని, ఎవరూ అడగకుండానే అన్నారు. "నిజం చెప్తున్నా బావగారూ. ఈ బండ ముందు మా పేట నిన్న కట్టినట్టే."

నాయన చప్పున వెనక్కి తిరిగి చూశాడు. వీధి ఖాళీగా ఉంది. అవ్వ ఒక్కతే బకెట్టు పక్కన కూర్చునుంది.

"ఇన్నావా అవ్వా, ఏమన్నాడో?"

"ఏమన్నాడు?"

నాయన చెప్పబోయాడు. చెబితే తనను తాను పొగుడుకున్నట్టు ఉంటుందనుకున్నాడో ఏమో, వియ్యంకుడి వైపు ఆశగా చూశాడు. ఆయన అప్పటికే మళ్లీ పాదం మీదికి వంగి ఉన్నారు.

"అయిపోయిందా మీ సూడ్డం?" అంది అవ్వ. "అయిపోతే జరగండప్పా. సబ్బునీళ్లు పడతాయి."

ఇద్దరు వియ్యంకులూ జరిగారు.