గట్టి జట్టుతో ఆట

ఎనభైల్లో డాలస్ వెళ్లే బస్సులో, ఏదో చిన్న కాలేజీ పేరున్న టోపీ పెట్టుకున్న పెద్దాయనకి అమెరికన్ ఫుట్‌బాల్ పాఠం చెప్పానని ఇప్పటికీ గొప్పలు పోతుంటాను. నిజానికి నాకు తెలిసిందల్లా సోమవారాలు ఆఫీసులో వారాంతపు ఆటల గురించి విన్న కబుర్లే.

"మీ చిన్న కాలేజీల లీగులో బలహీనులతోనే ఆడితే గెలుపుకి విలువేముందండీ? పెద్ద జట్లతో తలపడాలి," అన్నాను.

"నేనూ అదే అన్నాను," అన్నాడాయన. "అప్పుడు ఈ కాలేజీ జట్టుకి కోచ్‌ని. పట్టుబట్టి గట్టి జట్టుతో ఆట కుదిర్చాను. మా అబ్బాయీ మా జట్టులోనే ఆడేవాడు. ఆ ఆటలో వాడి మెడ విరిగింది. ఇప్పుడు వాడికి నేనే స్పూనుతో తినిపిస్తాను."

ఆయన్ని ఓదార్చానని కూడా చెబుతుంటాను. అదీ అబద్ధమే. కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

దిగేముందు ఆయన, జారిపోయిన నా కోటుని మెల్లగా భుజాల దాకా కప్పి వెళ్లాడు.