ముందు బిగించిన మరసీల

మొన్న మా మనవడు ఇనుప చెరకుగానుగ విప్పబోయి, కదలని బోల్టు మీద పానా వేసి ఒళ్ళంతా బరువు పెట్టి, దాని తల కాస్తా తెంపుకుని, అమలాపురంలో ఇంకోటి దొరుకుతుందిలే అని నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. వీళ్ళు బోల్టు అంటున్నదాన్ని మా రోజుల్లో మరసీల అనేవాళ్ళం. అది విరిగిందంటే ఎంత హడలిపోయేవాళ్ళమో నా ఈడువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

నేను కాపురానికి వచ్చిన ఏడు, ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు మా ఉప్పలగుప్తం వైపు కాలవల్లోకి కొత్తగా వస్తున్న రోజులు. మా పుట్టింటివారి ఊరు కాలవ మీది తూముకి ఎగువన, అత్తవారి ఊరు దిగువన ఉండేవి గనక, వియ్యంకులైనా సరే నీళ్ళ దగ్గర ఒకరినొకరు నమ్మేవారు కారు. నమ్మినవాడి మడి ఎండుతుందని మా మామగారు ఎప్పుడూ అనేవారు. ఆ ఏడు నారు పోసిన కొన్నాళ్ళకే తూము తలుపు మూసింది మూసినట్టే ఉండిపోయింది. దాన్ని పట్టి ఉంచే ఇనుపపట్టీకున్న మరసీల సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అది విప్పితే గాని తలుపు లేవదు, విరిగితే ధవళేశ్వరం నుంచి వేరొకటి వచ్చేలోపు మా నారంతా మాడిపోతుంది. ఎగువ మళ్ళల్లో మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయి. అనుమానానికి ఇంకేం కావాలి?

ఆనకట్ట కట్టేటప్పుడు ఇనుప పనిలో ఉండి వచ్చింది మా నాన్న ఒక్కరే గనక ఆయన్ను పిలవక తప్పలేదు. పిలిచారే గాని నమ్మలేదు. ఆయన తెచ్చిన ఆముదాన్ని పక్కన పెట్టించి, మా అత్తగారు స్వయంగా వండిన ఆముదాన్ని వేడిచేసి నా చేత తెప్పించారు. దారిలో నేనెక్కడ మార్చేస్తానో అని అత్తగారు నా వెనకే నడిచారు. సీల విరిగితే మీ అమ్మాయిని మీ వెంటే తీసుకుపొండని మామగారు నాన్నతో ముందే చెప్పేశారు కూడా. నాన్న ఆ ఆముదమే పోసి, బాగా నాననిచ్చి, చుట్టూ సుత్తితో మెల్లమెల్లగా తట్టి, పానా పట్టి బిగించే వైపు తిప్పబోయారు.

“విప్పమంటే బిగిస్తున్నారేంటండీ బావగారూ?” అని మా మామగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“ఆయ్, ముందు వెంట్రుకవాసి బిగిస్తేనే తుప్పు పట్టు వదులుద్దండి. తిన్నగా విప్పబోతే విరిగిపోద్దండి.”

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నా చూపు ఎగువన నిండుగా ఉన్న మా నాన్న మడి మీదికి పోయి, అక్కణ్ణుంచి ఆయన చేతి మీదికి వచ్చింది. నాన్న అది చూశారు. పానా తెచ్చి నా చేతిలో పెట్టి, “నువ్వే తిప్పమ్మా, ఎటు తిప్పినా నీ ఇష్టం” అన్నారు.

నమ్మి కాదు, మరో దారి తెలియక ఆయన చెప్పినట్టే ముందు బిగించాను. కిర్రుమంది. తర్వాత వెనక్కి కొంచెం, మళ్ళీ ముందుకి, మధ్యమధ్య ఆముదం పోస్తూ తిప్పగా తిప్పగా సీల నిక్షేపంగా ఊడి వచ్చింది. తలుపు లేచి నీళ్ళు దిగువకు పరిగెత్తాయి. మామగారు మజ్జిగ తెప్పిస్తే నాన్న పుచ్చుకోలేదు. కాలవలో చేతులు కడుక్కుని, నా మొహం చూడకుండా గట్టు పట్టుకుని వెళ్ళిపోయారు. అసలు ఆ సీల బిగుసుకుపోయేలా చేసింది ఆయనేనని మర్నాడు మా అత్తగారు అంటే నేను కాదనలేదు.

ఇప్పుడు తూము దగ్గర నీళ్ళు వదలడానికి సర్కారు లస్కరు ఉంటున్నాడు, సీలలు బజారులో దొరుకుతున్నాయి, ఒకరి చేతులు ఒకరు కనిపెట్టి చూసుకునే పని లేదు. సుఖమే. కాని విరిగితే ఏమవుతుందోనన్న భయం పోయాక, విరగకుండా తియ్యాలన్న ఓపికా పోయింది.

నిన్న గానుగ రెండో బోల్టుకు నేనే ఆముదం పోయించి, తట్టించి, ముందు బిగించరా అన్నాను. మా మనవడు పానా ఆపి, ముసలిదానికి మతి ఉందా, లేక గానుగ పాడుచెయ్యాలని చూస్తోందా అన్నట్టు నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, అది నాదే. బోల్టు చక్కగా ఊడింది, వాడు సంతోషంగా మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ఆనాడు నాన్న పుచ్చుకోని మజ్జిగ తలుచుకుని, నేను దాన్ని పక్కన పెట్టేశాను.