మూడో అడుగులో వెనక్కి పిలవాలి

నా ఫోన్‌లో రెండు ఊళ్ల వాతావరణం కనిపిస్తుంది. ఒకటి ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్. రెండోది ఇంగ్లండు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. దాన్ని నేను ఏనాడూ చూడలేదు. ఇక్కడ మే నెలలో కొట్టు షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ షట్టరును తువ్వాలుతో పట్టుకుని ఎత్తుతూ, అక్కడ ఈ వేళ వాన పడుతుందేమోనని దిగులు పడే మనిషిని నేను.

సదర్ బజార్‌లో నన్ను 'లాట్ సాబ్', అంటే దొరగారు, అంటారు. ఎవరైనా మోటారు సైకిల్‌తో నన్ను రాసుకుపోతే వాడికి నేనే 'సారీ' చెబుతాను కనుక. కొట్టు ముందు ఇద్దరు చేరితే వాళ్లని వరసలో నిలబెట్టబోతాను కనుక. నేను వరస సర్దేలోగా మూడోవాడు ఆ ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి కప్పు ఎత్తుకుంటాడు.

మాది కప్పులూ సాసర్లూ అమ్మే కొట్టు. తాతగారు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికి వచ్చారు. పెదనాన్నలిద్దరూ రైల్వేలోనే చేరారు. మా నాన్నను మాత్రం కంటి పరీక్షలో ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియలేదని వెనక్కి పంపేశారు. సిగ్నలు రంగులు తెలియకపోయినా కొనేవాడి ముఖంలో మారే రంగులు ఆయనకు బాగానే తెలిసేవి. అందుకని కొట్టు పెట్టుకున్నాడు.

ఆ కొట్టుకి రెండు మెట్లు. బేరం తెగకపోతే కొనేవాడు "వద్దులే" అని లేచి మెట్లు దిగుతాడు. ఆ 'వద్దు'ను మా బజారులో ఎవరూ నమ్మరు. అతను మొదటి మెట్టు దిగుతుంటే నాన్న కప్పు తుడుస్తూ కూర్చునేవాడు. రెండో మెట్టుకి గొంతు సవరించుకునేవాడు. మూడో అడుగు వీధిలో పడగానే "అచ్ఛా, ఆయియే, ఆయియే" అని పిలిచేవాడు. అంతకు ముందే పిలిస్తే మన తొందర బయటపడుతుంది. ఆలస్యమైతే ఎదురు కొట్టువాడు పిలుచుకుపోతాడు.

ఇంటికి వచ్చే చుట్టాలతోనూ ఇదే పద్ధతి. విజయనగరం నుంచి వచ్చిన మేనమామ రేపే వెళ్లిపోతానంటే, అమ్మ పది రోజులు ఉండమనేది. కుదరదంటే, "ఈ మాత్రానికి రావడమెందుకు, అక్కడే ఉండకపోయావా" అని ముఖం తిప్పుకునేది. మేనమామ సంచీ దింపి నాలుగు రోజులు ఉండేవాడు. ఇద్దరికీ మొదటినుంచీ తెలిసిన సంఖ్య నాలుగే.

ఇంగ్లండు నాకు ప్యాకింగు కాగితంలో వచ్చింది. కప్పులు పగలకుండా చుట్టడానికి నాన్న చిత్తు కాగితం కట్టలు కొనేవాడు. వాటిలో విదేశీ పత్రికలు ఉండేవి. గిటార్లు పట్టుకున్న కుర్రవాళ్లు, వాళ్ల జుట్టు మీద చర్చలు, ఫుట్‌బాల్ ఫలితాలు, టీలో పాలు ముందు పొయ్యాలా తరవాత పొయ్యాలా అని పాఠకుల ఉత్తరాలు. పాలు ఎప్పుడు పొయ్యాలన్న దాని మీద రెండు పేజీలు పోట్లాడుకునే జనం ఎంత నిశ్చింతగా బతుకుతున్నారో అనిపించింది. ఆ కాగితాలు చదునుచేసి పరుపు కింద దాచుకునేవాణ్ణి. అయితే ఏదీ పూర్తిగా ఉండేది కాదు. సగం పేజీ సాసరు చుట్టుకుని ఎవరింటికో వెళ్లిపోయి ఉండేది.

అలా సగం దొరికిందే ఒక టీవీ సీరియల్ కథ. సముద్రపు ఒడ్డున లాడ్జీ నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్లు. చిన్నది అలిగి పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది. తరవాతి ముక్క చిరిగిపోయింది. ఆమె తిరిగి వచ్చిందా లేదా అన్న ప్రశ్నతో నేను గడ్డం పెంచాను, పెళ్లి చేసుకున్నాను, కళ్లజోడు పెట్టుకున్నాను.

ఆరేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఆ సీరియల్ అభిమానుల గుంపు ఒకటి కనిపించింది. అక్కడ అడిగాను. ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్న ఆ సముద్రపు ఒడ్డు ఊళ్లో బస్సు నడిపి రిటైరయిన ఒకావిడ బదులిచ్చింది. నాకంటే పదకొండేళ్లు పెద్ద. "చెల్లెలు వచ్చింది, మళ్లీ వెళ్లింది. మీకు ఎన్నో భాగం నుంచి కావాలి?" అని అడిగింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒక్కో భాగం కథ రాసి పంపేది. నేను బదులుగా మా బజారు కబుర్లు రాసేవాణ్ణి. చివరి భాగం ఒక్కటి చెప్పవద్దన్నాను. ఎప్పటికైనా ఒక ఇంగ్లీషు మనిషి పక్కన కూర్చుని, టీ తాగుతూ దాన్ని చూడాలని నా కోరిక. "అలాగే, దాచి ఉంచుతాను" అంది.

గత చలికాలం ఆవిడ ఇండియా వస్తున్నానని రాసింది. ముంబై నుంచి కలకత్తాకు రైలు. మోకాలి ఆపరేషను ముందుంది, ఆ తరవాత ఇంత దూరం ప్రయాణం చెయ్యగలదో లేదో తెలియదు. మీకు ఇబ్బంది లేకపోతే దారిలో బిలాస్‌పూర్‌లో ఒక్క రోజు దిగుతాను, చివరి భాగం పట్టుకొస్తాను అంది.

ఒక్క రోజు అనగానే నాలోని కొట్టువాడు లేచి కూర్చున్నాడు. ఒకటి అందంటే మనసులో మూడు ఉంటాయి. నేను పది అంటే నాలుగు దగ్గర తెగుతుంది. "పది రోజులు ఉండండి" అని రాశాను. "మీ మంచితనం. కానీ ఒక్క రోజే కుదురుతుంది" అంది. నేను మెట్టు దిగాను. "ఒక్క రోజుకయితే అంత దూరం రావడమెందుకు? మానేయండి" అని రాసి, ఫోను బోర్లా పెట్టి, నాన్నలాగే ఒక కప్పు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. "పూర్తిగా అర్థమైంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే మన్నించండి. అదే రోజు, అదే రైల్లో కలకత్తా దాకా టిక్కెట్టు మార్చుకున్నాను. మీ ఊరు కిటికీలోంచి చూస్తాను."

అది చదివాక నా చేతిలోని కప్పును జాగ్రత్తగా బల్లమీద పెట్టాను. మనసు మరోచోట ఉన్నప్పుడు సరుకు పట్టుకోకూడదని చిన్నప్పుడే నేర్పారు.

ఇంట్లో చెబితే మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ ఊళ్లోనే, తోర్వాలో రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగిన మనిషి.

"ఏటండీ, ఏటి రాసినారు ఆవిడికి? రావద్దన్నారా?"

"రావద్దని కాదు. ఒక్క రోజుకైతే మానేయమన్నాను."

"ఒకటే కదా!"

"ఒకటి కాదు. బతిమాలుతుందనుకున్నాను."

"ముప్ఫై ఏళ్ల నుంచి ఆళ్ల గురించి చదివి చదివి, ఆళ్లు బేరం ఆడరన్న ముక్క తెలుసుకోలేదా మీరు? వాహ్, లాట్ సాబ్."

అమ్మ మంచం మీంచి అడిగింది. "మెట్టు దిగింది ఎవుల్రా?"

"నేనే అమ్మా."

"కొట్టు ఎవులిది?"

ఆలోచిస్తే అదీ నాదే. కొట్టు నాది, మెట్టు దిగిందీ నేనే. ఇక నన్ను వెనక్కి పిలవడానికి లోపల ఎవరూ లేరు.

"మీ నాన్నయితే మూడో అడుగు దాటనిచ్చీవోడు కాదు," అంది అమ్మ. "ఎళ్లి పిల్వు."

పిలిచాను. అది మా వాడుక అనీ, మానేయమంటే రమ్మని అర్థమనీ, ఒక్క రోజైనా చాలుననీ నాలుగు సందేశాలు పంపాను. చదువుకుంటే నాకే ఏమీ అర్థం కాలేదు. అన్నిటికీ ఒక్కటే టిక్కు. ఆవిడ అప్పటికే విమానం ఎక్కేసింది. ఇక్కడి సిమ్ తీసుకోననీ, హోటల్లో నెట్టు ఉన్నప్పుడే చూస్తాననీ ముందే చెప్పింది. రెండు రోజులు ఆ ఒంటి టిక్కును పది నిమిషాలకోసారి చూశాను. ఒకసారి ఫోను చూస్తూ, బేరమాడకుండా ఎవరికో సగం ధరకి డజను కప్పులు ఇచ్చేశాను. ఎదురు కొట్టువాడు వచ్చి "తబియత్ ఠీక్ హై న?" అని నా ఒంటి సంగతి అడిగి వెళ్లాడు.

రైలు బిలాస్‌పూర్‌లో ఆగేది పదిహేను నిమిషాలు. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకే మా ఆవిడా నేనూ స్టేషనుకు వెళ్లాం. సంచిలో థర్మాస్, కొట్లోని 'ఇంగ్లీష్ గులాబీ' సెట్టు నుంచి రెండు కప్పులూ సాసర్లూ. అది ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో తయారైన సెట్టే అయినా లండన్ డిజైన్ అని చెప్పి అమ్ముతాను. టీలో మా ఆవిడ అల్లం దంచి వేసింది. వాళ్లు అల్లం వెయ్యరని మొత్తుకున్నాను.

"ఆళ్లు ఏటి ఏస్తారో మీకు తెలుసు," అంది. "మనిషి ఏటి అనుకుంటాదో మాత్రం తెలీదు."

బోగీ నంబరు తెలియదు. రైలు ఆగగానే ఏసీ బోగీల వెంట పరిగెత్తడం మొదలుపెట్టాను. కిటికీల నల్లటి అద్దాల్లో నా ముఖమే కనిపిస్తోంది. కోపంగా ఉంటే తలుపు దగ్గరికి ఎందుకు వస్తుంది? పరదా లాగేసుకుని పడుకుని ఉంటే? మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. పెట్టెలు మోసేవాళ్లకు తగిలి వాళ్లకి సారీ చెబుతూ చివరి బోగీ దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

ప్లాట్‌ఫారం చివర, పసుపుపచ్చ బోర్డు ముందు ఒక పొడుగాటి తెల్లజుట్టు మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడి ఉంది. మా ఊరి పేరును ఫోటో తీసుకుంటోంది.

నేను దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో నా పేరు చెప్పాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరు నన్ను రావద్దన్నారు," అంది. కోపం లేదు. పరాయివాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. ఆ మర్యాద నన్ను కోపం కన్నా ఎక్కువ భయపెట్టింది.

ఊపిరి అందక మెట్ల సంగతి చెప్పాను. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో అడుగు. మా నాన్న, మా మేనమామ, సంచీ, నాలుగు రోజులు. ఆవిడ తల వంచి విన్నది.

"అంటే నేను మిమ్మల్ని వెనక్కి పిలవాల్సిందా?"

"అవును."

"మా దగ్గర మనిషి వెళ్లిపోతానంటే తలుపు తీసి పట్టుకుంటాం," అంది. "అది మర్యాద."

ఈలోగా మా ఆవిడ చేరుకుంది. వచ్చినావిడ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, థర్మాస్ మూత తీసి, దూరంగా సిగ్నలు వైపు చూసింది.

"బొగ్గు బండి ఎళ్తే గానీ దీన్ని వదలరు. అరగంట పైనే. కంగారు పడకండి, మాటాడుకోండి."

రోజూ మేము తిట్టుకునే బొగ్గు బండి. దాన్ని ముందు పంపడానికి మా ప్రయాణికుల రైళ్లను గంటలు గంటలు నిలబెడతారు. ఆ రోజు మాత్రం ఏ బేరం లేకుండా నాకు అరగంట ఇచ్చింది. మా ఆవిడ మాటను ఇంగ్లీషులో చెప్పాను. ఇంగ్లీషావిడ నవ్వింది. సంచిలోంచి పలకలాంటి ట్యాబ్ తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది.

"రైల్లో ఒక్కదాన్నే చూద్దామనుకున్నాను. మనసు రాలేదు."

అలా చివరి భాగం మొదలైంది. అక్క ఒక్కర్తే లాడ్జీలో గదులు ఊడుస్తోంది. కిటికీ అవతల వాన. నా పక్కనున్న ఇంగ్లీషావిడ టీ ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, ఇంకో గుక్క తాగింది. రెండోసారి కప్పు తనే చాపింది. మా ఆవిడ నా వైపు చూడకుండా పోసింది. నేను ఒక కన్ను తెర మీద, ఒక కన్ను సిగ్నలు మీద పెట్టి కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు ఆగినవాణ్ణి, అయినా ఒక్కో నిమిషం లెక్కపెట్టుకుంటున్నాను. పక్క పట్టాల మీద బొగ్గు బండి వెళ్తోంది. జీవితంలో మొదటిసారి దాని డబ్బాలు ఇంకా ఉంటే బాగుండుననుకున్నాను.

తెర మీద ఎవరో లాడ్జీ తలుపు కొట్టారు. అక్క చీపురు గోడకి ఆనించింది.

"సిగ్నలు పడిపోనాది," అంది మా ఆవిడ.

రైలు కూత వేసింది. ఇంగ్లీషావిడ తెర ఆపి సంచిలో పడేసి కుంటుతూ పరుగు లాంటిది పెట్టింది. సంచి నేను అందుకుని బోగీలోకి ఎక్కించాను. ఆవిడ బోగీ తలుపు దగ్గర నిలబడి, "చెప్పనా? తలుపు కొట్టింది ఎవరో?" అంది.

"వద్దు," అన్నాను. ఆ వద్దు నిజమైన వద్దు. "మిగతాది మీరు మళ్లీ వచ్చినప్పుడు."

రైలు కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను. ఆవిడ మోకాలు, ఆపరేషను, మళ్లీ వస్తుందో రాదో అన్నవన్నీ ఆ నాలుగడుగుల్లోనే గుర్తొచ్చాయి. ఆవిడ వేలు ఒకటి ఎత్తి చూపించింది. ఒక్క రోజు.

నేను రెండు చేతులూ ఎత్తి పది చూపించాను.

ఆవిడ తల అడ్డంగా ఊపి రెండు వేళ్లు చూపించింది. నేను ఏడుకి దిగాను. ఆవిడ మళ్లీ తల ఊపి, లోపలికి తిరిగి రెండడుగులు వేసింది. నేను నడక వేగం పెంచాను. అప్పుడు ఆవిడ ఆగి, భుజం మీంచి వెనక్కి చూసింది, పిలుస్తానా లేదా అని. మా బజారులో పుట్టిన మనిషి చూసినట్టే.

"ఆయియే! ఆయియే!" అని ప్లాట్‌ఫారం అంతా వినపడేలా అరిచాను.

ఆవిడ తలుపులోకి వచ్చి చెయ్యెత్తింది. అప్పటికే బోగీ దూరమైపోయింది. ఎన్ని వేళ్లో నాకు కనపడలేదు.

"మూడా, నాలుగా?" అని మా ఆవిడను అడిగాను.

ఆమె బెంచీ మీద సామాను సర్దుతోంది. "ఏటో, నేను చూడలేదు. కప్పు ఒకటి ఆవిడ చేతిలోనే ఎళ్లిపోనాది చూడండి," అంది, మిగిలిన సాసరును కొంగుతో తుడుస్తూ.