గుమ్మం పట్టని సోఫా

ఆ రోజుల్లో అమెరికా మా ఊరికి రెండు రూపాల్లో వచ్చేది. ఒకటి, బడిపిల్లల మధ్యాహ్నం ఉప్మాకి వచ్చే పసుపు రవ్వ. రెండోది, గజపతినగరం కొట్లలో పకోడీలు కట్టి ఇచ్చే నున్నటి రంగుల కాగితం. విశాఖ రేవు నుంచి పాత పత్రికలు కట్టలకొద్దీ దిగేవట. పకోడీలు తినేశాక ఆ కాగితాన్ని మేం పారేసేవాళ్లం కాదు, నూనె తుడిచి పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం. అలాంటి పకోడీల పొట్లం ఒకటి నా బుర్ర పాడుచేసింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరి బడిలోనే కొత్తగా మేష్టరుగా చేరాను. లోకాన్ని ఆ ఏడాదిలోనే బాగుచేసెయ్యాలని మహా తొందరగా ఉండేది (మరుసటి ఏడాదికి బదిలీ చేసేస్తారేమోనని భయం).

ఆ కాగితం మీద పొడుగాటి సోఫా బొమ్మ. దాని మీద మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. వెనకాల తెల్లటి ఫ్రిజ్, కిటికీలోంచి కారు. ఆ పెద్దమనిషి కాళ్లు బారజాపుకుని, ఎవరొచ్చినా లేచేది లేదన్నట్టు కూర్చున్నాడు. ఏ జమీందారో అనుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని కింద రాసింది చదివితే, కార్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే కూలీ! నాకు ఫ్రిజ్ మీదా కారు మీదా ఆశ పుట్టలేదు (అబద్ధం, కొంచెం పుట్టింది). కానీ ఆ కూర్చోవడం చూసి ఒళ్లు మండింది. మా అయ్య నాలుగెకరాల రైతు. గోగునార బేరానికి గొడుగు సావుకారు (ఎండైనా మబ్బైనా గొడుగు లేకుండా కదిలేవాడు కాదు) వస్తే, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి వేసి, తన ఇంటి పంచలో తనే తలగుడ్డ చంకన పెట్టుకుని నిలబడేవాడు. ఆయన ఎంత చెబితే అంతకి తలూపేవాడు. నిలబడ్డ మనిషి బేరమాడలేడని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. ఈసారి నార అమ్మేలోగా అలాంటి సోఫా ఒకటి చేయించి, మా అయ్యని సావుకారు ఎదుట కూర్చోబెట్టి తీరాలని పంతం పట్టాను.

మా వడ్రంగి మావ నాటుబళ్లు చేసేవాడు. సోఫాని ఎన్నడూ చూసి ఎరగడు. నూనె మరకల బొమ్మని అటూ ఇటూ తిప్పి, "కొలతల్లేవు కదల్లుడూ! ఈ కుక్క ఏపాటి ఉంటాది?" అన్నాడు.

"మన వీధి కుక్కంత ఉండదా?" అన్నాను.

వీధి కుక్కని పట్టుకుని తాడుతో కొలిచి, దాన్ని బట్టి మిగతాదంతా లెక్కగట్టాడు. బొమ్మలో మనుషులున్నారు కదా, వాళ్లని చూసి ఎందుకు కొలవలేదంటారేమో. అమెరికావాళ్లు మనకంటే చాలా పెద్ద శాల్తీలని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ కుక్క ఒళ్లో పట్టే చిట్టి జాతిదని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. లోపల కూరడానికి దూది కొనే స్తోమతు లేక మేలైన ఎండుగడ్డి కూరి, పైన గోనెపట్టా కుట్టాం. నలుగురు మోసుకొచ్చారు. నిలువుగా తిప్పినా, ఏటవాలుగా తోసినా మా గుమ్మంలో పట్టలేదు. అయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గట్టిగానే ఉన్నాది గానీ, ఎడ్లని ఏ పక్క కడతావురా?" అన్నాడు. చివరికి పంచలో, ఎడ్లని కట్టే గుంజ పక్కనే దించేశాం.

సావుకారు వచ్చే రోజు నేను సెలవు పెట్టి, ఇంట్లో కుర్చీని బడికి పంపేశాను (బడి కుర్చీ కాలు ఊడిందన్నాను, ఊడదీసింది నేనే).

"కుర్సీ ఏదోయ్ నాయుడూ?" అన్నాడాయన రాగానే మా అయ్యతో.

"బడికెల్లింది బాబూ, ఇలగ కూకోండి," అన్నాను నేను.

సోఫా మధ్యలో ఎక్కి కూర్చున్నాడు. కాళ్లు నేలకి అందలేదు. గొడుగు ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్య మామూలుగానే నిలబడ్డాడు.

"అయ్యా, సోటున్నాది. నువ్వూ కూకో," అన్నాను.

"నోరు ముయ్యరా. నాను నిలబడే ఉంతాను."

"సదువుకున్న కొడుకు సెప్తన్నాడు కదా, కూకోవోయ్," అని సావుకారు నవ్వాడు. ఆ నవ్వులో 'నువ్వా, కూర్చోవడమా' అన్నదే వినబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో గుంజకి కట్టిన ఎర్రెద్దు మెడ చాచి, గోనె కుట్టు పీకి, గడ్డి లాగడం మొదలెట్టింది.

"ఓర్నాయనో! ఇదేటి, కదుల్తన్నాది!" అని సావుకారు కిందికి దూకాడు. అయ్య "హేయ్! హేయ్!" అంటూ వచ్చి, గడ్డి అంతా పోతుందన్న కంగారులో చిరిగినవైపు బరువంతా వేసి కూలబడి, ఎద్దు మూతిని చేత్తో నెట్టాడు. ఎద్దు వదిలేసింది. అప్పుడు చూసుకున్నాం. సావుకారు నిలబడి ఉన్నాడు, అయ్య కూర్చుని ఉన్నాడు. అయ్య లేవబోయాడు. నా వైపు చూశాడు. ఏమనుకున్నాడో, చంకలోని తలగుడ్డ తీసి నెమ్మదిగా తలకి చుట్టుకున్నాడు.

"సెప్పండి బాబూ, నారకి ఏటిస్తారు?"

సావుకారు ధర చెప్పాడు.

"సాలదు," అన్నాడు అయ్య. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"ముందు లేసి మాటాడు!"

"లేస్తే ఎద్దు గడ్డి లాగేస్తాది బాబూ. లేవలేను. తమరే ఇలగ వొచ్చి కూకోండి."

సావుకారు కూర్చోలేదు. నిలబడే బేరమాడి, కాస్త పెంచి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. పెంచింది పెద్ద ఎక్కువేం కాదు. నాకు మాత్రం ఊరంతా తిరిగి చెప్పుకోవాలనిపించింది, చెప్పుకున్నాను కూడా.

వానలు పడేలోగా ఆ సోఫాని ఎడ్లు పూర్తిగా తినేశాయి. చట్రం బండికి పనికొచ్చింది. అయ్య మాత్రం ఆ తర్వాత ఎన్నడూ సావుకారు ముందు నిలబడలేదు, గుమ్మం మీదో రోటి మీదో కూర్చునే బేరమాడేవాడు. ఆయన్ని కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇనస్పెక్టరు నీడ కనబడితే చాలు లేచి నిలబడ్డాను. ఇప్పుడు విజయనగరంలో మా ఇంట్లో షాపులో కొన్న సోఫా ఉంది, గుమ్మంలో చక్కగా పట్టింది. మొన్న ఎవరో ఆఫీసరు జనాభా పట్టిక పట్టుకుని వస్తే, నా మనవడి వయసు కుర్రాడు, గభాలున లేచి నిలబడ్డాను. అతను వెళ్లాక ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇరవై రెండేళ్ల ఆ మేష్టరు చూసి ఉంటే నన్ను చెవి మెలేసి కూర్చోబెట్టేవాడు. ఈసారి ఎవరొచ్చినా లేవను. ఎద్దు గడ్డి లాగేస్తుందని చెబుతాను.