తెరిచి ఉంచిన హ్యాండ్‌బ్యాగ్

మా ఇంగ్లీషు టీచర్ పోయారు. పోయిన ఆదివారం తెల్లవారుజామున, నిద్రలోనే. వాళ్ల చెల్లెలు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు. అలవాటు కొద్దీ వయసు, ఊరు, అంత్యక్రియల వేళ రాసుకున్నాను. పత్రికలో వార్తకు ఆ మూడూ చాలు. ఆమెకు చాలవు.

గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఆమెది. రిటైరయ్యేదాకా రెజిమెంటల్ బజార్ దగ్గరి మా బడిలోనే పనిచేశారు. క్లాసులో ఎవరైనా దొంగచాటుగా గైడు తీస్తే తిట్టేవారు కాదు. వెళ్లి వాళ్ల పక్కన నిలబడి పాఠం కొనసాగించేవారు. కాసేపటికి గైడు డెస్కులోకి పోయేది.

పదో తరగతిలో, సిలబస్‌లో లేని ఒక పాత అమెరికన్ నవలను లైబ్రరీ పీరియడ్‌లో చదివి వినిపించారు. చెయ్యని నేరానికి ఒక నల్లజాతి మనిషిని బోనెక్కిస్తారు. నిన్నటిదాకా మంచివాళ్లనుకున్న ఊరి పెద్దల్ని చూసి పిల్లలు తెల్లబోతారు. తీర్పు వచ్చే అధ్యాయం ముందు టీచర్ పుస్తకం మూసేశారు.

“ఇప్పుడు తీర్పు మీరు చెప్పండర్రా. అతను ఏ తప్పూ చెయ్యలేదనేవాళ్లు చేతులెత్తండి.”

క్లాసంతా చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. ఆమె మొహంలో సంతోషం కనబడలేదు.

“అతను మీ ఊరివాడు కాదుగా,” అన్నారు.

ఆ వారమే ఆటల పీరియడ్ తర్వాత మా లీడరమ్మాయి వాచీ కనబడలేదు. వాళ్ల మామ దుబాయ్ నుంచి తెచ్చిన వాచీ అది. లీడర్ నేరుగా చివరి బెంచీ అమ్మాయి దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి తల్లి మోండా మార్కెట్‌లో ఊడ్చే పని చేస్తుందని మాకందరికీ తెలుసు.

“జెర బ్యాగ్ తియ్యవే.”

“నా దాంట్ల ఏముందే? నీదాంట్ల చూసుకున్నవా సక్కగ?”

“మస్తు మాట్లాడుతున్నవ్. తియ్యి ముందు!”

పుస్తకాలు, టిఫిన్ డబ్బా నేల మీద పడ్డాయి. అప్పుడే టీచర్ లోపలికి వచ్చారు.

“ఏవిటర్రా ఆ గుంపు?”

“నా వాచీ పోయింది టీచర్, దేవులాడుతున్నం.”

“ఎన్ని బ్యాగులు చూశారు?”

“ఒక్కటే టీచర్.”

“ఒక్కటే ఎందుకు చూశారు?”

టీచర్ తన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి టేబుల్ మీద బోర్లించారు. కీర్తనల పుస్తకం, తలనొప్పి బామ్, సుద్దముక్కలు, బస్‌పాస్.

“ముందు నాది చూడండి. తర్వాత అందరివీ.”

అందరివీ చూశాం. వాచీ దొరకలేదు. మర్నాడు పొద్దున ఆటల గదిలో, వాలీబాల్ నెట్ కింద కనిపించింది. అక్కడ పెట్టి మరిచిపోయింది లీడరే. ఆ సంగతి చెప్పడానికి చివరి బెంచీలో ఎవరూ లేరు. ఆ అమ్మాయి రాలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. వాళ్లింట్లో అంతవరకూ చదివింది ఆమె ఒక్కతే.

ఆదివారం చర్చి అయ్యాక టీచర్ లీడర్ని, నన్ను వెంటబెట్టుకుని బస్సులో మౌలాలి వెళ్లారు. రైల్వే లైను పక్కన ఒక గది ఇల్లు. తల్లి మాకు కుర్చీలు వేసింది. తాను నిలబడే మాట్లాడింది.

“వాచీ దొరికిందమ్మా. మీ అమ్మాయి తప్పేం లేదు,” అన్నారు టీచర్.

“పోయిందని బస్తీ మొత్తం ఎర్కయింది టీచరమ్మా. దొరికిందని ఎవలకు చెప్పిన్రు?”

లీడర్ ఏడుస్తూ సారీ చెప్పింది. అప్పుడు తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

“దొరికింది గాబట్టి వచ్చిన్రు. దొరకకపోతే?”

టీచర్ లేచి తలుపు దగ్గరికి వెళ్లారు. “అమ్మా, పరీక్షకు మాత్రం రా,” అన్నారు.

సోమవారం తీర్పు అధ్యాయం చదివారు. నవలలో ఆ మనిషికి శిక్షే పడింది. పుస్తకం మూసి, “ఆశ్చర్యపోయినవాళ్లు చేతులెత్తండి,” అన్నారు.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

తర్వాత కూడా టీచర్ మౌలాలి వెళుతూనే ఉన్నారు. హాల్‌టికెట్ కూడా ఆమే తీసుకెళ్లి ఇచ్చి వచ్చారు. పరీక్షల్లో నా ముందున్న ఆ అమ్మాయి బల్ల చివరి రోజు దాకా ఖాళీగానే ఉంది. ఆ కుటుంబం ఆ తర్వాత ఇల్లు మారింది. ఎక్కడికో టీచర్ కనుక్కోలేకపోయారు.

ఆ ఏడాది నుంచి ఆమెకొక అలవాటు మిగిలింది. క్లాసులోకి రాగానే హ్యాండ్‌బ్యాగ్ జిప్పు పూర్తిగా తీసి టేబుల్ మీద పెట్టేవారు. తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు దాన్ని మతిమరుపనుకుని, “టీచర్, మళ్లీ మర్చిపోయిన్రు,” అని నవ్వేవాళ్లట. ఆమె కారణం చెప్పలేదు.

నేను క్రైమ్ వార్తలు రాయడం మొదలుపెట్టాక అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. మెచ్చుకోలు ఉండేది కాదు. “పోలీసులు చెప్పింది రాశావు. పట్టుబడినవాణ్ణి అడిగావట్రా?” చాలాసార్లు అడిగి ఉండేవాణ్ణి కాదు. ఫోన్ పెట్టేసి స్టేషన్‌కు బయల్దేరేవాణ్ణి.

సోమవారం అంత్యక్రియలకు వాళ్లింటికి వెళ్లాను. హాల్లో కీర్తనలు పాడుతున్నారు. వచ్చిన ఆడవాళ్ల మొహాల్లో ఆ చివరి బెంచీ అమ్మాయి కోసం వెతికాను. ఇన్నేళ్ల తర్వాత ఎదురుగా ఉన్నా గుర్తుపట్టి ఉండేవాణ్ణి కాదేమో. ఎవరినీ అడగలేదు.

కిటికీ పక్క బల్ల మీద టీచర్ హ్యాండ్‌బ్యాగ్ ఉంది. ఇల్లు సర్దుతున్న ఒకావిడ జిప్పు వెయ్యబోయింది. “అట్లాగే ఉండనివ్వండి. అక్క ఎప్పుడూ మూసేది కాదు,” అన్నారు చెల్లెలు.

శవపేటికను బయటికి తీసుకెళ్లారు. వెనకే అందరూ వెళ్లిపోయారు. ఖాళీ అయిన హాల్లో, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చన్నట్టు, ఆ బ్యాగ్ నోరు తెరుచుకుని ఉంది.