లేత రంగు గడి

నాది తూకాల పని. బస్తాను ఒక చేత్తో కాస్త ఎత్తి చూస్తే ఎంత బరువుందో చెప్పగలను. కాంటా మీద పెట్టాక పెద్దగా తేడా రాదు. ఇన్నేళ్లలో ఒక్క బరువే నా అంచనాకు అందలేదు. అది ఒక గడి. కాగితం మీద బొటనవేలి గోరంత ఉంటుంది. రంగు దాదాపు ఉండదు. దానికి ఆ రంగు వేసింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. చెప్పగలుగుతున్నది అందుకేనేమో.

జహీరాబాద్‌లో హైవే పక్కన ఒక అల్లం గోదాములో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంటర్ ఇంగ్లిష్‌లో తప్పాను, చదువు అక్కడితో ఆగింది. లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కాసేపు నడుం వాలిస్తే, నేను ఫోనులో పాఠాలు చూసేదాన్ని. ముందు సగటులు, తర్వాత సంభావ్యతలు. ఆ తర్వాత ఎవరో వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి దొరికితే ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాను. ఏ అంకెనైనా రెండుసార్లు సరిచూడనిదే నమ్మను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తెలియక చేశానని మీరు అనుకోకూడదు. అందుకు చెబుతున్నాను.

మా గోదాములో అల్లాన్ని ఆడవాళ్లు ఏరేవారు. వాళ్లందరికీ పెద్ద షరీఫా. మంచిది ఒకవైపు, ఎండినది ఒకవైపు, కుళ్ళినది బయటకు. ఆమె నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. నేను ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా, "సప్పుడు జేయకున్రి, అక్క ఫోన్‌ల కాలేజీకి పోయింది" అని అందరినీ నవ్వించేది. నాకూ నవ్వు వచ్చేది. కొంచెం గుచ్చుకునేది కూడా.

గోదాము యజమాని సేటు ఎక్కడో చూసి వచ్చి, ఫోటోలు తీసి అల్లాన్ని వేరుచేసే మిషన్ పెడదామన్నాడు. కెమెరా, బెల్టు తెప్పిస్తాడు. అల్లం ఫోటో చూసి ఏ రకమో చెప్పే ప్రోగ్రామును, దాన్ని క్లాసిఫయర్ అంటారు, నేను తయారుచేయాలి. నన్ను ఒక పని చేయమని, అదీ నా తలతో చేయమని అడిగిన మొదటి మనిషి ఆయన. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

తయారుచేశాను. అది ఎంత సరిగ్గా చెబుతోందో చూడడానికి ఒక పట్టిక వేస్తారు. మూడు అడ్డ వరసలు, మూడు నిలువు వరసలు. అల్లం నిజంగా ఏ రకమో అడ్డ వరస చెబుతుంది. మిషన్ ఏమందో నిలువు వరస చెబుతుంది. రెండూ ఒకటైన గడులు మూల నుంచి మూలకు మెట్లలా దిగుతాయి. మిగిలినవన్నీ పొరపాట్లు. దాన్ని కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటారు. పెద్ద అంకెకు ముదురు రంగు, చిన్న అంకెకు లేత రంగు వేస్తే అదే హీట్‌మ్యాప్. అంకెలు చదవలేని వాళ్లకు కూడా రంగు తెలుస్తుంది. అందుకే రంగు విషయంలో భయం ఉండాలి. నాకు లేకపోయింది.

మొదట నేను సరైన బొమ్మే వేశాను. ఒక్కో అడ్డ వరసను ఆ వరస మొత్తంతో భాగించాను. అంటే, కుళ్ళిన వాటిలో ఎన్నో వంతును మిషన్ మంచిదంది? తెర మీద మెట్ల వరస ముదురు ఎరుపులో వచ్చింది. దానితోపాటు, అడుగు వరసలో మూలన, రాకూడని చోట ఇంకో గడి ఎర్రబడింది. కుళ్ళినదాన్ని మంచిదన్న గడి. మూడింట ఒక వంతు దాటింది.

ఎందుకో కూడా నాకు తెలుసు. నేను మిషన్‌కు చూపిన ఫోటోలు ఎక్కువగా బజారుకు పోయే అల్లానివి. కడిగినవి. మిషన్ విత్తనపు అల్లాన్ని కూడా ఏరాలి. దాన్ని మా వైపు కడగరు. ఎర్రమట్టితోనే నీడలో పోసి పెడతారు, తడి తగిలితే పాడవుతుందని. ఆ మట్టి పూత కింద మెత్తబడిన చోటు కెమెరాకు కనబడదు. ఏరేవాళ్లు బొటనవేలితో నొక్కి చూస్తారు.

సేటు వచ్చే వేళైంది. ప్రోగ్రాములో భాగించే ఆ ఒక్క లైను తీసేశాను.

ఇప్పుడు గడుల్లో ఉత్త లెక్కలే ఉన్నాయి. మంచివి వందల కొద్దీ. కుళ్ళినవి నేను పరీక్షకు పెట్టిందే ముప్పై. అందులో పదకొండు తప్పాయి. వందల పక్కన పదకొండుకు ఏం రంగు వస్తుంది? తెల్ల కాగితం మీద టీ చుక్క పడి ఆరినంత. ఒక్క అంకె మార్చలేదు. ఒక్క అబద్ధం రాయలేదు. రెండు బొమ్మలూ నిజమే. ఎన్నో ఏళ్లు ఈ మాట పట్టుకుని వేలాడాను. రెండూ నిజమైతే ఒకదాన్ని ఎందుకు దాచాను?

సేటు కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చూశాడు.

"ఎర్రగ మెట్ల లెక్క మస్తు దిగింది. గీ తెల్లయి ఏంది?"

"పొరపాట్లు సేట్. తక్కువనే ఉన్నయి."

"గింతేనా! మనుషులు చేస్తలేరా గింత?"

అంతే. నన్ను నలుగురి ముందు మేడం అని పిలిచాడు. ఫోటోలు ఇంకా తీసి నెమ్మదిగా సరిచేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ సరిచేయాలంటే ముందు తప్పుందని చెప్పాలి కదా.

మిషన్ వచ్చాక ఏరేవాళ్లు సగానికి తగ్గారు. షరీఫా తనంతట తానే తప్పుకుంది. ఆమె, భర్త కలిసి ఝరాసంగం వైపు ఒక చెలక కౌలుకు తీసుకున్నారు, అల్లం వేద్దామని. విత్తనం సేటు ఇస్తాడు, పంట వచ్చాక అల్లమే తిరిగి కొలిచి ఇవ్వాలి. మా దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. షరీఫా భర్త మస్తాన్ అప్పటిదాకా లారీల మీద క్లీనరుగా తిరిగిన మనిషి. మట్టిని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

విత్తనం తీసుకోవడానికి మస్తాన్ ఒక్కడే వచ్చాడు. షరీఫా కూతురి కాన్పుకు బీదర్ వెళ్లింది. బస్తాలు బండిలో వేస్తుండగా అతను ఆగి అడిగాడు.

"అక్కా, జర రెండు దినాలు ఆగుదునా? బీబీ వచ్చి ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తది."

"కంప్యూటర్ చూసింది భాయ్. ఇంకేం చూసుడు? ఆగితే నాటుడు లేటైతది, తీస్కపో."

నేనే అన్నాను. సేటుకు చూపిన ఆ లేత బొమ్మ నా సొరుగులో ఉండగా అన్నాను. అతను తల ఊపి తాడు బిగించాడు. మనసులో ఆ ఎర్ర గడి మెదిలిందా? మెదిలింది. దాన్ని పక్కకు నెట్టడానికి ఎంత సేపు పట్టింది? అతను తాడు ముడి వేసేంత సేపు కూడా పట్టలేదు.

అదే సరుకులో మిగిలిన బస్తాలు గోదాములో ఉన్నాయి. కొన్నాళ్లకు వాటిలోంచి వాసన మొదలైంది. తెరిచి చూస్తే మట్టి కింద దుంపలు వేలికి మెత్తగా దిగిపోయాయి. బాగున్న ముక్కలు కోసి శొంఠికి పంపమన్నాడు సేటు. మిషన్ ఆపించి, దాని మీద తాటిపత్రి పట్టా కప్పించాడు. ఆ బొమ్మ ఏదని నన్ను ఎవరూ అడగలేదు. అప్పుడైనా మస్తాన్‌కు ఫోన్ చేయవచ్చు. మొలకలు పైకి వచ్చే లోపు తవ్వి చూసుకోమని చెప్పవచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అతను వాటిని మందు నీళ్లలో ముంచే నాటి ఉంటాడులే, కొన్ని పోయినా మిగతావి నిలబడతాయిలే అని లెక్క వేసుకున్నాను. నాకు కావలసిన జవాబు వచ్చేలా లెక్క వేయడం అప్పటికి నాకు అలవాటైపోయింది.

వానలు పడ్డాక షరీఫా కబురు చేసింది, ఒకసారి వచ్చి చూడమని. షేర్ ఆటోలో వెళ్లాను. ఆకులు కొసల నుంచి పసుపు తిరిగి వాలిపోయి ఉన్నాయి. మొక్కను రెండు వేళ్లతో పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. అదే వాసన.

షరీఫా గట్టు మీద నిలబడి ఉంది. పక్క చెలకల వాళ్లు ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు.

"చూడక్కా, నా మొగడు అల్లం ఏసిండో చేపలు ఏసిండో! కరెంటు ఉన్నంతసేపు మోటర్ బందు జేయలే. నీళ్లు జర జర పెట్టుమని ఫోన్‌ల ఎన్నిసార్లు చెప్పిన!"

చూస్తున్నవాళ్లలో ఒకాయన, "వలలు తెచ్చుకోమంటవా మస్తానూ?" అన్నాడు. అందరూ నవ్వారు. మస్తాన్ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎక్కువ పెట్టలేదనే అనుకున్న అక్కా," అన్నాడు నాతో. "చెయ్యి పెట్టి చూసి, మట్టి పొడిగున్నప్పుడే నీళ్లు ఇడిసిన. గిట్లెట్లయిందో."

అప్పుడు షరీఫా నావైపు తిరిగింది. కోపం పోయింది. అలసట మిగిలింది.

"నువ్వు లెక్క తెలిసినదానివి అక్కా. నువ్వు చెప్తే ఇంటం. నీళ్ళే గద?"

మస్తాన్ నా ముఖంలోకి చూస్తున్నాడు. తీర్పు కోసం కాదు, సాయం కోసం. నేను కిందికి చూశాను. నా చెప్పులకు ఎర్రమట్టి అంటి ఉంది.

"అవును," అన్నాను. "నీళ్ళే."

బొమ్మ విషయంలో నేను అబద్ధం చెప్పలేదని వాదించుకోగలను. బస్తాల దగ్గర అన్నది నిర్లక్ష్యమని సర్దిచెప్పుకోగలను. ఈ రెండు మాటలకు మాత్రం నా దగ్గర ఏ వాదనా లేదు.

చెలక వదిలేశారు. సేటు తనకు తిరిగి రావలసిన విత్తనం మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన మంచితనమని షరీఫా ఇప్పటికీ చెబుతుంది. ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. ఆమె మళ్లీ గోదాముకు వచ్చింది. తాటిపత్రి కప్పిన మిషన్ పక్కనే కూర్చుని ఏరుతుంది. నాకు టీ తెచ్చి ఇస్తుంది. ఇప్పుడు ఫోను కాలేజీ అని ఎగతాళి చేయదు. అక్క చెప్పిందంటే చెప్పినట్టే అంటుంది. ఎగతాళే నయం.

మస్తాన్ చిరాగ్‌పల్లి దగ్గర లారీలు ఆగే చోట వాచ్‌మెన్‌గా ఉన్నాడు. ఊళ్లో అతన్ని నీళ్ళ మస్తాన్ అంటారు. పిల్లలకు ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తెలియదు.

కుళ్ళు మట్టిలోంచి కూడా రావచ్చు. నీళ్ళు కొంచెం ఎక్కువైనా రావచ్చు. నూటికి నూరు పాళ్లు విత్తనమేనని నేను నిరూపించలేను. ఈ "రావచ్చు"ల కింద ఎంత కాలం దాక్కున్నానో మీకు చెప్పలేను. కానీ అదే సరుకు, ఒక్క చుక్క నీళ్లు తగలకుండా, గోదాములో నా కళ్ల ముందు కుళ్ళింది. లెక్క తెలిసిన వాళ్లు దీన్ని చూడకుండా ఉండలేరు. నేను ఉన్నాను.

మొన్న ఒక పని మీద వాళ్లింటికి వెళ్లాను. షరీఫా లేదు. వాకిట్లో జామ మొక్క ఎండకు తల వేలాడేసి ఉంది. పక్కనే నల్లా, పైపు. మస్తాన్ మొక్క దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు.

"నీళ్లు పెట్టలేదా భాయ్?" అన్నాను.

"బీబీ వస్తే పెడ్తది అక్కా. నేను ముట్ట. ఎంత పెట్టాల్నో నా చేతికి అందాజ తెల్వది."

మామూలుగా అన్నాడు. బాధ కూడా లేదు అందులో. తన గురించి తనకు తెలిసిన ఒక సంగతి చెప్పినట్టు అన్నాడు. నేను నల్లా తిప్పాను. మొక్కకు నీళ్లు పెట్టాను. అతను కొంచెం వెనక్కి జరిగి, ఎంత పెడుతున్నానో శ్రద్ధగా చూశాడు, నేర్చుకుంటున్నట్టు.

ఇంటికి వచ్చి పాత ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ రోజు తీసేసిన లైను మళ్లీ రాశాను. అక్షరాలు ఎక్కువ లేవు. బొమ్మ మళ్లీ వేస్తే అడుగు వరసలో, మూలన, అదే గడి, అదే ఎరుపు. అది ఎక్కడికీ పోలేదు. తర్వాత ఇది రాయడం మొదలుపెట్టాను.

రేపు వెళ్లి వాళ్లకు చెబుతానని ఇక్కడ రాయను. అలాంటి రేపులు నాకు నేను చాలా ఇచ్చుకున్నాను. మీరు క్షమిస్తారని కూడా కాదు, క్షమించడం మీ చేతిలో లేదు. ఆ రోజు గట్టు మీద ఒకామె నమ్మి ఒక ప్రశ్న అడిగింది. దానికి తప్పు జవాబు ఇచ్చాను. సరైన జవాబు ఒక్కసారైనా, ఎక్కడైనా, నా చేతితో ఉండాలి.

నీళ్ళు కాదు షరీఫా. నేను పంపిన విత్తనం. మస్తాన్ చేతికి అందాజ తెలుసు.