చివరి రెండు పేజీలు

పోయిన నెల పుదుచ్చేరి వెళ్ళినప్పుడు, కోసపాళయంలో మేము ఒకప్పుడు అద్దెకున్న ఇంటికి వెళ్ళాను. ఇంటివాళ్ళమ్మాయి నా ఈడుదే, ఇప్పుడు తనే ఒక అవ్వ. ముందుగదిలో మనవరాలిని కూర్చోబెట్టుకుని సగం తెలుగు, సగం తమిళంలో కథ చెబుతోంది. పడవ నడిపే ముసలాయన, అలిగి ఏటి అవతలి ఊరికి వెళ్ళిపోయిన కూతురు. రెండు మాటలు వినగానే గుర్తుపట్టాను. మా పదో తరగతి తెలుగు ఉపవాచకంలో కథ అది. ఎక్కడ ఆపుతుందో విందామని గుమ్మంలోనే నిలబడిపోయాను.

డెబ్భైల చివర మా నాన్న యానాం నుంచి బదిలీ మీద వచ్చి, వాళ్ళ మేడమీద వాటాలో మమ్మల్ని దించాడు. బళ్ళో మా తరగతిలో తెలుగు తీసుకున్నది ఇద్దరమే, నేనూ ఆమే. ఇద్దరిలో రెండో ర్యాంకంటే ఆఖరి ర్యాంకే కదా. "లెక్కలు ఎలాగూ నీ వల్ల కాదు. తెలుగులో కూడా ఆ పిల్ల వెనకాల పడ్డావంటే మనూరెళ్ళి మొహం ఎలా చూపించనే?" అని నాన్న సరిగ్గా నేను ముద్ద నోట్లో పెట్టుకునే వేళకే అనేవాడు. ఆమెవాళ్ళు ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. "మన బాస చదివేది ఇంట్లో ఒకరన్నా ఉండాల" అని వాళ్ళ అవ్వ పట్టుబట్టి ఆమెను తెలుగులో చేర్పించింది. పాపం, ఆమె అక్షరాలు కూడబలుక్కుని ఒక పేజీ దాటేసరికి పొయ్యిమీద పెట్టిన పులుసు దించేసేవాళ్ళు. పైగా ఉపవాచకం ఆంధ్రా నుంచి రావాలి. వచ్చింది ఒక్కటే, అది నా దగ్గరుంది. అందుకని రోజూ సాయంత్రం వాళ్ళ వెనక వసారాలో, అవ్వ కనకాంబరాలు కడుతుంటే నేను పైకి చదివేదాన్ని, ఆమె వినేది.

నాది నోట్సు చదువు. మాస్టారు చెప్పిన జవాబులన్నీ కామాలతో సహా బట్టీ. కళ్ళు మూసుకుంటే పేజీ కనబడేది గానీ కథ కనబడేది కాదు. ఆమె మాత్రం మధ్యలో నన్ను ఆపి, పడవ ముసలాయన గురించి, "ఆయప్ప పొద్దుట్నించి ఏం తిన్లేదు గదా, ఆకలి గాలేదా?" అని అడిగేది. నోట్సులో లేని ప్రశ్న! ఒకరోజు అదే ప్రశ్న తరగతిలో మాస్టారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నావైపు తిరిగి, "చూశావా, చదవడమంటే ఇదీ" అన్నారు. గొంతెండిపోయేలా చదివింది నేను! మెప్పు ఆమెకా? ఆ పూటంతా కుళ్ళుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే కథ చివరికొచ్చాం. ముసలాయన రోజూ పొద్దుగూకే వేళకు పడవను అవతలి ఒడ్డున కట్టేస్తాడు. కూతురికి రావాలనిపిస్తే పడవ ఉండాలి కదా. తను మాత్రం ఈదుకుంటూ ఇంటికొస్తాడు. ఆ తర్వాత ఇంకా రెండు పేజీలున్నాయి. కూతురు రావడం, తండ్రి కాళ్ళమీద పడడం, చివర నీతి. పరీక్షలో ప్రశ్న ఎప్పుడూ అక్కడే పడుతుందని నాకు బాగా తెలుసు. పుస్తకం మూసేసి "అంతే" అన్నాను. అవ్వ చేతిలో దారం ఆగింది.

అనుకున్నట్టే అర్ధసంవత్సర పరీక్షలో కూతురి పశ్చాత్తాపం గురించి పది మార్కుల ప్రశ్న వచ్చింది. నాకు తొమ్మిది వచ్చాయి. కూతురు రానేలేదని రాసిన ఆమెకు సున్నా. "చివరి రెండు పేజీలూ ఏమయ్యాయమ్మా?" అని మాస్టారు కోప్పడితే, నావైపు చూడనైనా చూడకుండా, "నేను నిద్దరపోయినాను సార్" అంది. బయటికొచ్చాక తిడుతుందని కాచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ పిల్ల వచ్చేసిందా అయితే?" అంది.

తలూపాను.

"ప్చ్. నువ్వు నిలిపిన కాడే బాగుండె."

మొదటి ర్యాంకు నాకే వచ్చింది. ఇంట్లో నాన్న అందరికీ చెప్పుకున్నాడు. నేను మాత్రం ఆమె మీద ఇంకాస్త కుళ్ళుకున్నాను.

"పడవని ఆ గట్టున కట్టేసి, ఆయప్ప ఈదుకుంటా ఇంటికి పాయె" అని పోయిన నెల ఆమె మనవరాలికి చెప్పి ఆపేసింది.

"అంతేనా అవ్వా?"

"అంతే." అప్పుడు గుమ్మంలో నన్ను చూసి నవ్వింది. "ఏమ్మే, అంతే గదా?"

"అంతే" అన్నాను.

తొమ్మిది మార్కులు తెచ్చిపెట్టిన ఆ జవాబులో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆమె కథ మాత్రం నలభై ఏళ్ళు దాటినా, నేను ఓర్వలేక ఆపేసిన చోటే ఉంది, ఇప్పటికీ నేను ఓర్వలేనంత అందంగా.